ఇల్లు రెండైనా ఫీజు కార్డు ఒక్కటే



దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన వారం అది. రెండో టర్మ్ ఫీజు గడువు దగ్గర పడింది. ఆఫీసు కౌంటర్ ముందు ఏడో తరగతి అబ్బాయి ఒకడు బ్యాగు వీపున వేసుకుని నిలబడి ఉన్నాడు. బెల్లు కొట్టి పది నిమిషాలైంది. "ఏం నాన్నా, క్లాసుకి వెళ్లలేదా?" అని అడిగాను. "ఫీజు సంగతి నాన్నకి ఫోన్ చేసి అడగమని అమ్మ చెప్పింది మేడం. అడిగితే అమ్మనే కట్టుకోమన్నాడు. ఇప్పుడు అమ్మకి ఏమని చెప్పాలో తెలీడం లేదు" అన్నాడు. క్లాసుకి వెళ్లమని పంపబోతుంటే ఆగి ఇంకో మాట అడిగాడు. "మేడం, నేను టీసీ తీసుకుని వేరే స్కూల్లో చేరితే వాళ్లిద్దరూ పోట్లాడుకోవడం మానేస్తారా?"

ఎవరూ గుర్తుపట్టకుండా ఆ పిల్లవాడి వివరాలు మార్చాను. అయితే ఇలాంటి పిల్లలు ఏటా మా కౌంటర్ ముందుకు వస్తూనే ఉన్నారు. భార్యాభర్తలు ఎందుకు విడిపోయారన్నది బడికి సంబంధం లేని విషయం. అందులో తప్పొప్పులు ఎంచే హక్కు మాకు లేదు. కానీ ఫీజు మాట పిల్లవాడి నోటి గుండా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ప్రయాణం చేస్తుంటే మాత్రం మాట్లాడకుండా ఉండలేం. ఈ నెల ఈ పేజీలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. విడాకులతో భార్యాభర్తల బంధం తెగవచ్చు, పిల్లల చదువు ఖర్చు బాధ్యత తెగదు. ఆ బాధ్యతను ఎవరెంత, ఎప్పుడు, ఎలా అని పెద్దవాళ్లు ముందే కాగితం మీద పెట్టుకోవాలి. పిల్లల చేత అడిగించకూడదు.

బాధ్యత ఎవరిది?

"పిల్లలు ఆమె దగ్గరున్నారు కాబట్టి ఆమే చూసుకోవాలి" అని కొందరు తండ్రులు అంటారు. "తండ్రన్నాక ఆయనే మొత్తం కట్టాలి" అని కొందరు తల్లులు అంటారు. చట్టం ఈ రెండు మాటలనూ ఉన్నది ఉన్నట్టుగా ఒప్పుకోదు.

1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం 20వ సెక్షన్ పిల్లల పోషణ బాధ్యతను తల్లిదండ్రులిద్దరి మీదా పెట్టింది. భరణం అంటే తిండి, బట్ట మాత్రమే కాదు. అదే చట్టం 3వ సెక్షన్ భరణంలో నివాసం, చదువు, వైద్యం కూడా ఉంటాయని స్పష్టంగా చెబుతోంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ ప్రకారం విడాకుల కేసు నడుస్తుండగానే పిల్లల సంరక్షణ, పోషణ, చదువు గురించి కోర్టు ఉత్తర్వులివ్వవచ్చు. కేసు తేలేదాకా ఆగనక్కర్లేదు.

ఇవి హిందువులకు వర్తించే చట్టాలు. వీటితో పాటు ఏ మతం వారికైనా వర్తించేది ఇంకొకటి ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షన్ అని అందరికీ తెలిసినదే. 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. విడాకులు పొందిన ముస్లిం మహిళల కోసం 1986లో వేరే చట్టం వచ్చినా, తండ్రి పిల్లలను పోషించాల్సిన బాధ్యత ఈ సెక్షన్ కింద అలాగే ఉంటుందని సుప్రీంకోర్టు 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో చెప్పింది. తెలంగాణ నుంచి వెళ్లిన మహమ్మద్ అబ్దుల్ సమద్ కేసులో 2024 జూలై 10న ఇచ్చిన తీర్పు విడాకులు పొందిన ముస్లిం మహిళలు కూడా 125వ సెక్షన్ కింద భరణం కోరవచ్చని ఖాయం చేసింది.

మన వైపు ఇంకో పద్ధతి ఉంది. కోర్టు గుమ్మం ఎక్కకుండా, పెద్దమనుషుల సమక్షంలో స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టి "విడిపోయాం" అనుకుంటారు. కులాచారంగా నిరూపించగలిగితే తప్ప అలాంటి కాగితం చట్టం దృష్టిలో విడాకులు కాదు. అది ఎలా ఉన్నా, అందులో "ఇకమీదట పిల్లల ఖర్చుతో నాకు సంబంధం లేదు" అని రాసుకున్నంత మాత్రాన పిల్లల హక్కు పోదు. భరణం పిల్లల హక్కు. తల్లి గానీ తండ్రి గానీ తమ గొడవ తీర్చుకోవడానికి దాన్ని వదిలేయలేరు.

ఎవరి వాటా ఎంత?

ఇక్కడ పనికొచ్చే తీర్పులు రెండున్నాయి. 2000 సంవత్సరంలో పద్మజా శర్మ కేసులో తల్లీ తండ్రీ ఇద్దరూ సంపాదనపరులే, పిల్లలిద్దరు. ఇద్దరికీ సంపాదన ఉన్నప్పుడు ఇద్దరూ తమ తమ ఆదాయాన్ని బట్టి పంచుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్కో బిడ్డకు నెలకు 3,000 రూపాయలుగా నిర్ణయించి, దాన్ని తండ్రి రెండు వంతులు, తల్లి ఒక వంతు భరించాలని ఆదేశించింది.

రెండోది 2020 నవంబర్ 4న వచ్చిన రజనేష్, నేహా కేసు తీర్పు. పిల్లల చదువు ఖర్చు మామూలుగా తండ్రి భరించాలి, తల్లికి తగినంత సంపాదన ఉంటే ఇద్దరూ దామాషాగా పంచుకోవచ్చు అని అందులో ఉంది. మనలాంటి బడుల తల్లిదండ్రులు గమనించాల్సిన మాట ఇంకొకటి అందులోనే ఉంది. కోచింగ్, అదనపు తరగతుల ఖర్చును కూడా లెక్కలోకి తీసుకోవాలి, అయితే అది సమంజసంగా ఉండాలి గానీ విపరీతంగా ఉండకూడదు. ఎవరి ఆదాయం ఎంతో దాచుకోకుండా ఇద్దరూ ఆస్తులు, అప్పులు, జీతాల వివరాలతో అఫిడవిట్ వేయాలన్న నియమం కూడా ఆ తీర్పుతోనే వచ్చింది.

చిన్న లెక్క వేసి చూద్దాం. తండ్రికి నెలకు 40,000, తల్లికి 20,000 జీతం అనుకోండి. ట్యూషన్ ఫీజు, బస్సు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ కలిపి ఏడాదికి 90,000 అయిందనుకోండి. రెండుకొకటి లెక్కన తండ్రి 60,000, తల్లి 30,000. కోర్టు అచ్చం ఇలాగే వేస్తుందని కాదు. పిల్లల రోజువారీ పనులు ఎవరు చూసుకుంటున్నారు, ఎవరికి ఎన్ని అప్పులున్నాయి, ఎవరి మీద వృద్ధులైన తల్లిదండ్రులు ఆధారపడి ఉన్నారు అన్నవీ చూస్తుంది. అయినా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడానికి ఈ లెక్క మంచి ఆరంభం. మేనకూరు సెజ్‌లో షిఫ్టుకు వెళ్లే తల్లి అయినా, చెన్నైలో ఉద్యోగం చేసే తండ్రి అయినా పది నిమిషాల్లో వేసుకోగలిగిన లెక్క.

రెండు వైపులా వినిపించే మాటలు

"నన్ను అడక్కుండా ఖరీదైన స్కూల్లో చేర్చింది. నేనెందుకు కట్టాలి?" ఈ మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. ఇందులో కొంత న్యాయం ఉంది. పెద్ద ఫీజుల బడి ఇద్దరి స్తోమతకూ తగినదేనా అని కోర్టు కూడా చూస్తుంది. విడిపోయే ముందు బిడ్డ చదువుతున్న బడి అదే అయితే, ఇద్దరూ కలిసి చేర్చిన బడి అదే అయితే, ఆ తర్వాత "నాకు ఇష్టం లేదు" అనడం చెల్లదు. విడిపోయాక కొత్తగా చేర్చాలనుకుంటే మాత్రం, చేర్చే ముందు రెండోవారికి ఒక మెసేజ్ అయినా పెట్టండి. ఫీజు వివరాల కాగితం ఫోటో తీసి పంపండి. అడిగి చేర్చినదానికీ, చేర్చాక బిల్లు పంపినదానికీ చాలా తేడా ఉంటుంది.

"బిడ్డను చూపించడం లేదు, ఫీజు మాత్రం కావాలా?" ఇది రెండో మాట. బిడ్డను చూసే హక్కు వేరు, బిడ్డ ఖర్చు వేరు. చూపించకపోతే కోర్టును అడిగి చూసే రోజులు ఖరారు చేయించుకోవాలి. ఫీజు ఆపితే అవతలివారికి తగిలే దెబ్బ తక్కువ, బిడ్డకు తగిలేది ఎక్కువ. అలాగే "ఫీజు కట్టలేదు కాబట్టి ఆదివారం పంపను" అనే తల్లులకూ ఇదే జవాబు. ఫీజుకు బదులు బిడ్డను బాకీ వస్తువులా పట్టి ఉంచకూడదు. పిల్లలు తండ్రి దగ్గర పెరుగుతూ తల్లి దూరంగా ఉన్న ఇళ్లలో కూడా ఇవే మాటలు తిరగబడి వినిపిస్తాయి. జవాబు మాత్రం మారదు.

కాగితం మీద ఏం రాసుకోవాలి?

చాలా రాజీ పత్రాల్లో "పిల్లల పోషణకు నెలకు ఇంత" అని ఒక్క అంకె మాత్రమే ఉంటుంది. మూడో తరగతిలో రాసుకున్న అంకె తొమ్మిదో తరగతికి వచ్చేసరికి బస్సు ఫీజుకు కూడా చాలదు. పరస్పర అంగీకారంతో విడిపోయేవారు సంతకం పెట్టే ముందే లాయరుతో ఈ కింది విషయాలు రాయించుకోవడం మేలు.

మొదటిది, చదువు ఖర్చును నెలవారీ భరణం నుంచి విడదీయండి. ట్యూషన్ ఫీజు, అడ్మిషన్ ఫీజు, బస్సు, పుస్తకాలు, యూనిఫాం, పరీక్ష ఫీజులు, కోచింగ్ అని పేరు పేరునా రాసి, ఒక్కోదానిలో ఎవరి వాటా ఎంతో పక్కనే వేయండి.

రెండోది, గడువు తేదీ. టర్మ్ మొదలయ్యే ముందు ఫలానా తేదీలోగా అని ఉండాలి. "వీలునుబట్టి" అనే మాట రాయవద్దు.

మూడోది, డబ్బు నేరుగా బడికే చెల్లించేలా రాసుకోండి. "నేను పంపిన డబ్బు వేరే ఖర్చులకు వాడుకుంది" అన్న అనుమానానికి చోటుండదు, "పంపనే లేదు" అన్న వాదనకూ చోటుండదు. ఎవరి వాటా వారు కడితే ఎవరి రసీదు వారికే ఇస్తారు. పాత పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులు తాము కట్టిన ట్యూషన్ ఫీజును, ఇద్దరు పిల్లల వరకు, లక్షన్నర పరిమితికి లోబడి మినహాయింపుగా చూపించుకోవచ్చు. దానికీ ఆ రసీదే ఆధారం.

నాలుగోది, ఫీజు పెరిగితే ఆ పెరుగుదలను ఏ లెక్కన పంచుకోవాలో ముందే రాసుకోండి. రాయకపోయినా దారి ఉంది. పరిస్థితులు మారితే భరణం మొత్తాన్ని మార్చమని సురక్షా సంహిత 146వ సెక్షన్ కింద అడగవచ్చు. ఉద్యోగం పోయిన తండ్రి తగ్గించమని అడగడానికి కూడా ఆ సెక్షనే. కట్టలేనప్పుడు ఫోన్ ఆఫ్ చేసుకోవడం కంటే కోర్టుకు చెప్పుకోవడం గౌరవం.

అయిదోది, ఎంతవరకు అన్నది. 144వ సెక్షన్ మామూలుగా మైనర్ పిల్లల వరకే. కానీ పద్దెనిమిదేళ్లు నిండేసరికి చదువు పూర్తి కాదు, ఇంటర్ అయి అప్పుడే డిగ్రీలో చేరతారు. ఆ వయసు దాటిన కొడుకు చదువు భారమంతా తల్లి మీదే వదిలేయడం కుదరదని ఢిల్లీ హైకోర్టు 2021లో ఊర్వశి అగర్వాల్ కేసులో అంది. పెళ్లికాని, సొంత ఆదాయం లేని కూతురికి హిందూ భరణ చట్టం ఆ వయసు దాటాక కూడా రక్షణ ఇస్తోంది. ఈ వాదనల దాకా పోకుండా "డిగ్రీ లేదా ఇంజనీరింగ్ పూర్తయ్యే వరకు" అని ఇప్పుడే రాసుకుంటే సరిపోతుంది.

కట్టకపోతే ఏం చేయాలి?

పిల్లవాణ్ణి పంపకండి. మీరే అడగండి, అదీ రాతపూర్వకంగా. మెసేజ్ అయినా చాలు, తేదీ ఉంటుంది. ఫీజు కార్డు, రసీదులు, బస్సు ఫీజు చీటీ ఒక కవరులో దాచండి. కోర్టులో ఈ కాగితాలే మాట్లాడతాయి.

కోర్టు ఖర్చుకు భయపడి ఆగిపోయే తల్లులకు ఒక మాట. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం కింద మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. 144వ సెక్షన్ దరఖాస్తును తల్లి నివాసం ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు. మధ్యంతర భరణం దరఖాస్తును అవతలివారికి నోటీసు అందిన 60 రోజుల్లో సాధ్యమైనంత వరకు తేల్చాలని చట్టం చెబుతోంది. ఇంకొక జాగ్రత్త ముఖ్యం. ఉత్తర్వు వచ్చాక కూడా చెల్లించకపోతే, ఆ సెక్షన్ కింద బకాయి వసూలుకు గడువు పడిన నాటి నుంచి ఏడాదిలోపు దరఖాస్తు చేయాలి. "మారతాడులే" అని రెండేళ్లు ఎదురు చూస్తే పాత బకాయి ఆ దారిలో రాబట్టుకోవడం కష్టమవుతుంది.

తల్లికి వందనం పథకం గురించి కూడా అడుగుతున్నారు. 2025 జూన్‌లో మొదలైన ఈ పథకం కింద అర్హత ఉన్న కుటుంబాల్లో ఒకటో తరగతి నుంచి ఇంటర్ వరకు చదివే ప్రతి బిడ్డకూ తల్లి ఖాతాలో 13,000 రూపాయలు వేశారు. ప్రైవేటు బడుల పిల్లలూ అందులో ఉన్నారు. విడిపోయినా మీ పేరు ఇంకా భర్త కుటుంబం కిందే నమోదై ఉంటే, అర్హత లెక్క తప్పిపోవచ్చు. సచివాలయానికి వెళ్లి అడిగి సరిచేయించుకోండి. అయితే ఆ డబ్బు వచ్చింది కదా అని తండ్రి వాటా తీరిపోయినట్టు కాదు.

బడి చేయాల్సింది

వేలు మీ వైపే చూపి ఊరుకుంటే అది న్యాయం కాదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఫీజు బాకీ ఉన్న పిల్లల పేర్లు క్లాసులో చదవడం, లేచి నిలబెట్టడం ఆ కిందికే వస్తాయని నేను నమ్ముతాను. ఆ రోజు ఆ అబ్బాయి క్లాసు మానుకుని కౌంటర్ దాకా వచ్చాడంటే, ఎక్కడో మా పద్ధతిలోనూ లోపం ఉందన్నమాటే. అప్పటి నుంచి మా బ్రాంచిలో ఫీజు సంగతి పిల్లల డైరీలో రాయడం ఆపేశాం. పెద్దల ఫోన్‌కే చెబుతున్నాం.

మీరు అడిగితే ఇంకొన్ని చేయగలం. ఒకే ఫీజు కార్డు మీద రెండు వాటాలు, రెండు ఫోన్ నంబర్లు, రెండు రసీదులు పెట్టగలం. కోర్టు వద్దని చెప్పనంతవరకు ప్రోగ్రెస్ రిపోర్టు ఇద్దరికీ పంపగలం. ఒకరికొకరు ఎదురుపడటం ఇష్టం లేకపోతే పేరెంట్స్ మీటింగ్‌కు వేర్వేరు సమయాలు ఇవ్వగలం. కోర్టు ఉత్తర్వు ఉంటే దాని నకలు ఒకటి ఆఫీసులో ఇవ్వండి. అది బయటకు పోదు.

చివరిగా, ఒక ప్రైవేటు బడి పత్రికలో చదువుతామని మీరు అనుకోని మాట. ఇద్దరి సంపాదన కలిపినా ఈ ఫీజు మోయలేనప్పుడు, అప్పు చేసి ఒకరినొకరు నిందించుకుంటూ ఇక్కడే ఉంచాలని లేదు. సంవత్సరం చివర్లో, ఇద్దరూ కలిసి నిర్ణయించి, బిడ్డకు నెమ్మదిగా చెప్పి, జిల్లా పరిషత్ హైస్కూలుకో తక్కువ ఫీజు బడికో మార్చడం ఓటమి కాదు. పదో తరగతి మధ్యలో, పోట్లాట మధ్యలో, కోపంతో టీసీ అడగడమే బిడ్డకు నష్టం. బడి మారడం పిల్లలు తట్టుకుంటారు. తన వల్లే అమ్మానాన్నలు కొట్లాడుకుంటున్నారన్న ఆలోచనను మాత్రం తట్టుకోలేరు.

ఆ ఏడో తరగతి అబ్బాయి అడిగిన ప్రశ్నకు ఆ రోజు నేను, "అది నీ పని కాదు నాన్నా, పెద్దవాళ్లం మేము చూసుకుంటాం, నువ్వు క్లాసుకి వెళ్లు" అన్నాను. ఆ మాట నిలబెట్టడం నా ఒక్కదాని చేతిలో లేదు. మూడో టర్మ్ గడువు ఇంకా ఉంది. ఈలోగా ఒక ఫోన్ చేసుకోండి. అవతలివారితో మాట్లాడటం మీకు కష్టమైతే ఆఫీసుకు రండి, ఫీజు కార్డు ముందు పెట్టుకుని లెక్క వేద్దాం.

మీ
ప్రిన్సిపాల్, నాయుడుపేట బ్రాంచి